గీత దాకా వస్తే బతికినట్టే

(రోల్‌ప్లేయింగ్ గేమ్స్ నడిపేవాళ్ళ చిన్న సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే.

ముందు చెడుగుడు గురించి మాట్లాడతాను. కంగారు పడకండి, డ్రాగన్ల దగ్గరికి వస్తాను.

చిన్నప్పుడు మా ఊరి హైస్కూలు గ్రౌండులో ఇసుక మీద కాలితో గీత గీసి ఆడేవాళ్ళం. కూత పెడుతూ అవతలివైపు వెళ్ళినవాడు ఎంతమందిని ముట్టుకున్నాడన్నది తర్వాత సంగతి. గీత దాటి ఇవతలికి వచ్చాడా, లేదా? రాకపోతే ముగ్గురిని ముట్టుకున్నా దండగే, వాడే అవుట్. నలుగురు మీద పడి పట్టు పట్టినా సరే, కూత ఆగకుండా వేలి కొస గీతకి తగిలిందంటే పట్టినవాళ్ళందరూ అవుట్. అందుకే మంచి కూతగాడు ముందుకు వెళ్ళేటప్పుడే ఒక కన్ను గీత మీద ఉంచుతాడు. వాడు వెనక్కి దూకి వస్తే గ్రౌండంతా ఈలలు. పిరికివాడని ఎవరూ అనరు. వెనక్కి రావడమే అక్కడ ఆట.

మనం ఆడే డీ అండ్ డీలో, అంటే ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్ళు తలా ఒక పాత్రగా పాచికలు వేస్తూ ఆడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో, ఆ గీత లేదు. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క సంగతే. మన ఆటగాళ్ళు ఫైటింగ్ మధ్యలోంచి ఎందుకు పారిపోరు అని డీఎంలం, అంటే ఆట నడిపే డంజియన్ మాస్టర్లం, ఎక్కడ కలిసినా మొత్తుకుంటూ ఉంటాం. పంతం అంటాం, వీడియో గేములు ఆడి చెడిపోయారంటాం. నేనూ చాలాకాలం అలాగే అన్నాను. తప్పు మనదని తెలుసుకోవడానికి నాకు నాలుగు చావులు పట్టాయి.

ఆ నాలుగు చావుల కథ చెబుతాను. అది 2014లో వచ్చిన 5వ ఎడిషన్ ఆట. నలుగురు ఆటగాళ్ళు, అందరూ రెండో లెవెల్, అంటే ఇంకా బలం రాని పాత్రలు. పాడుబడ్డ రాళ్ళక్వారీలో రెండు ఓగర్లు, అంటే భారీ రాక్షసులు, పెట్టాను. గెలవమని పెట్టలేదు. చూసి వెనక్కి వెళ్ళి ఊళ్ళో సాయం తెచ్చుకుంటారని పెట్టాను. దారిలో ఎద్దుబండి ముక్కలు చూపించాను, నమిలి పారేసిన ఎముకలు చూపించాను, గుమ్మం ఎత్తున్న గద చూపించాను. ఇంతకన్నా ఏం చెప్పాలి? వాళ్ళు మాత్రం "ఓహో, ఇవాళ ఫైట్ ఇదన్నమాట" అని ఇనీషియేటివ్, అంటే ఎవరి వంతు ముందో తేల్చే పాచిక, వేశారు. మూడు రౌండ్లు, అంటే అందరికీ మూడేసి వంతులు. పార్టీ, అంటే జట్టు మొత్తం, అయిపోయింది. మన భాషలో టీపీకే, టోటల్ పార్టీ కిల్.

తర్వాత టీ తాగుతూ కాస్త వెటకారంగానే అడిగాను, "పారిపోవచ్చు కదా?" అని. విజార్డ్, అంటే మాంత్రికుడి పాత్ర, ఆడిన మిత్రుడు అకౌంట్స్‌లో పనిచేస్తాడు. వాడు నన్ను తిట్టలేదు. క్యారెక్టర్ షీటు తిప్పి వెనకవైపు లెక్క వేసి చూపించాడు. ఆ లెక్క మీకూ చూపిస్తాను, ఎందుకంటే నాకు కళ్ళు తెరుచుకున్నది అక్కడే.

ఓగర్ వేగం రౌండుకి 40 అడుగులు. మనిషి వేగం 30. ఓగర్ గద తగిలితే సగటున 13 పాయింట్ల దెబ్బ. మా విజార్డ్‌కి ఉన్నవి మొత్తం 12 హిట్ పాయింట్లు, అవి సున్నాకి వస్తే పడిపోతాడు. ఇప్పుడు వాడు పారిపోవాలనుకున్నాడు. దారి ఒకటి, డిస్‌ఎంగేజ్ యాక్షన్. దెబ్బ పడకుండా జాగ్రత్తగా జారుకుని 30 అడుగులు వెళతాడు. ఓగర్ తన వంతులో ఆ 30 అడుగులూ నడిచి వచ్చి, ఇంకా 10 అడుగుల నడక మిగిలుండగానే గద ఎత్తుతుంది. రౌండుకి ఒక దెబ్బ. దారి రెండు, డాష్. 60 అడుగులు పరిగెడతాడు. ఓగర్ పక్కనుంచి కదిలినందుకు ముందే ఒక ఆపర్చునిటీ అటాక్, అంటే తన వంతు కాకపోయినా శత్రువు కొట్టే దెబ్బ, తినాలి. ఓగర్ కూడా డాష్ చేస్తే 80 అడుగులు, మళ్ళీ పక్కనే. తర్వాతి రౌండులో వీడు కదలగానే మళ్ళీ ఆపర్చునిటీ అటాక్. ఇక్కడా రౌండుకి ఒక దెబ్బే.

మూడో దారి, పారిపోకుండా నిలబడి కొట్టడం. దానికీ రౌండుకి ఒక దెబ్బే! కాకపోతే వీడు కూడా ఒక దెబ్బ కొడతాడు. వాడన్న మాట ఇది: "నిలబడితే తిని, కొడతాను. పరిగెడితే తిని, ఊరుకుంటాను. నువ్వైతే ఏం చేస్తావు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రూల్స్ ప్రకారం మా వాళ్ళు మూర్ఖులు కాదు, లెక్క తెలిసినవాళ్ళు.

ఇంకో చిక్కు ఉంది, అది పైకి కనిపించదు. ఇనీషియేటివ్ ఎవరిది వారికే ఉంటుంది కదా. పారిపోదామని నలుగురూ మనసులో అనుకున్నా, ఒకేసారి కదలలేరు. రోగ్, అంటే దొంగ పాత్ర, వంతు ముందొస్తే వాడు ముందు వెళ్ళిపోవాలి. మిగతా ముగ్గురూ ఆగి, రెండు ఓగర్ల దెబ్బలు పంచుకోవాలి. అంటే మొదట పారిపోయినవాడు స్నేహితులని బలి ఇచ్చినట్టు లెక్క. మనవాళ్ళలో ఎవడు చేస్తాడు ఆ పని? మొహమాటంతోనే చచ్చిపోతాం మనం. (నవ్వులు) ఈలోగా ఒకడు సున్నాకి పడిపోతాడు, డెత్ సేవ్‌లు, అంటే బతుకుతాడో పోతాడో తేల్చే పాచికలు, వేస్తుంటాడు. వాణ్ణి వదిలి వెళ్ళడమంటే ఆ ఆటగాడు ఎదురుగా కూర్చుని చూస్తూ ఉంటాడు. క్యారెక్టర్‌ని వదలొచ్చేమో గానీ, ఎదురుగా సమోసా తింటున్న మనిషిని ఎలా వదులుతాం?

ఇప్పుడు నేను పద్మవ్యూహం గురించి చెబుతానని చూస్తున్నారు కదా. అభిమన్యుడికి లోపలికి వెళ్ళడం తెలుసు, బయటికి రావడం తెలియదు అని. ఆ పోలిక మన ఆటగాళ్ళకి సరిపోదు. నాకు ఆ కథలో పనికొచ్చే మనిషి సైంధవుడు. అభిమన్యుడి వెనకాలే భీముడూ వాళ్ళూ వస్తుంటే వ్యూహద్వారం దగ్గర నిలబడి దారి మూసింది ఆయన. మన టేబుల్ దగ్గర సైంధవుడి కుర్చీలో కూర్చున్నది డీఎమ్మే.

ఈ దారి ఎప్పుడూ ఇలా మూసి లేదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన మొదటి డీ అండ్ డీ మూడు పల్చటి పుస్తకాలు. మూడో పుస్తకంలో తరుముకొస్తున్న రాక్షసుల దృష్టి మళ్ళించడం ఎలాగో లెక్కలతో సహా ఉంటుంది. తిండి పడేస్తే తెలివిలేని జంతువు ఆగిపోవడానికి నూటికి 90 వంతుల అవకాశం, అరకొర తెలివున్నదానికి 50, తెలివైనదానికి 10. డబ్బు, నగలు పడేస్తే ఈ లెక్క తిరగబడుతుంది. తెలివి ఎక్కువున్నవాడే ఎక్కువ ఆగుతాడు. (నవ్వులు) మనుషుల గురించి అంత నిజం చెప్పిన పట్టిక నేను ఇంకెక్కడా చూడలేదు.

తర్వాత 1981లో టామ్ మోల్డ్వే రాసిన డీ అండ్ డీ బేసిక్ సెట్ వచ్చింది. అందులో ఫైటింగ్‌లోంచి వెనక్కి తగ్గడానికి రెండు పద్ధతులు పేర్లు పెట్టి మరీ ఇచ్చారు. ఒకటి, శత్రువుకి ఎదురుగా తిరిగే సగం వేగంతో అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి నడవడం. రెండోది, వెనక్కి తిరిగి పూర్తి వేగంతో పరిగెత్తడం. ఇలా పరిగెడితే శత్రువు పాచికకి 2 కలుస్తుంది, మన డాలు లెక్కలోకి రాదు. వీపు చూపిస్తే డాలు ఎందుకూ పనికిరాదు కదా. ఇనీషియేటివ్ కూడా మనిషికొకటి కాదు, పక్షానికి ఒకటి. మనవైపు ఒక పాచిక, వాళ్ళవైపు ఒక పాచిక. అందుకని మన వంతు రాగానే "పదండి" అంటే అందరూ ఒకేసారి కదులుతారు. ఇందాక చెప్పిన మొహమాటం చావు అక్కడ లేదు.

ఆ పుస్తకంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మొరాల్. అంటే ధైర్యం అంకె. ప్రతి రాక్షసుడికీ 2 నుంచి 12 దాకా ఒక అంకె ఉంటుంది. వాళ్ళ పక్షంలో మొదటి చావు పడ్డప్పుడు ఒకసారి, సగం మంది పోయినప్పుడు ఇంకోసారి రెండు ఆరు ముఖాల పాచికలు వేస్తారు. మొత్తం ఆ అంకె కన్నా ఎక్కువొస్తే కాలికి బుద్ధి చెబుతారు, లేదా లొంగిపోతారు. గాబ్లిన్‌కి, అంటే గుంపుగా వచ్చే చిన్నపాటి రాక్షసుడికి, 7. లెక్క వేస్తే 36లో 15 సార్లు పారిపోతుంది. రాజు బతికి పక్కనుంటే అదే గాబ్లిన్‌కి 9, అప్పుడు 36లో 6 సార్లే. అస్థిపంజరానికి 12, అది ఎప్పటికీ భయపడదు. చచ్చినవాడికి భయమేంటి?

రాజు ఉంటే ధైర్యం పెరగడం చూసినప్పుడల్లా నాకు 1565 గుర్తొస్తుంది. రక్కసగి తంగడి యుద్ధంలో అళియ రామరాయలు పట్టుబడి తల తెగేసరికి, అంత పెద్ద విజయనగర సేన చెల్లాచెదురైంది. సైన్యంలో చివరి మనిషి దాకా చచ్చేవరకూ యుద్ధం నడవడం చాలా అరుదు. చాలా యుద్ధాలు ఎవరో ఒకరు పరుగందుకోవడంతో ముగుస్తాయి. మన టేబుల్ మీద మాత్రం ఆఖరి గాబ్లిన్ కూడా, పక్కన పదకొండు శవాలున్నా, చిన్న కత్తి పట్టుకుని ముందుకే వస్తుంది. ఎందుకో పాపం.

ఇదంతా ఎందుకు పోయింది? నాకు తోచిన కారణాలు చెబుతాను. మొదటిది బంగారం. పాత ఆటలో ఒక బంగారు నాణెం ఇంటికి తెస్తే ఒక ఎక్స్‌పీరియన్స్ పాయింట్, అంటే లెవెల్ పెరగడానికి కావాల్సిన పాయింట్. గాబ్లిన్‌ని చంపితే 5. ఫైటర్ రెండో లెవెల్‌కి వెళ్ళాలంటే 2000 కావాలి. నాలుగు వందల గాబ్లిన్లతో తలపడతారా, సడి చేయకుండా పెట్టె ఎత్తుకొస్తారా? ఫైటింగ్ అంటే దొంగతనం చెడిపోవడమే, అందులోంచి పారిపోతే నష్టమేం లేదు. తర్వాత్తర్వాత బంగారానికి పాయింట్లివ్వడం పోయి, చంపితేనే పాయింట్లు అనేది ఆటకి మధ్యలోకి వచ్చింది. అప్పుడు పారిపోవడం అంటే జీతం వదులుకోవడం.

రెండోది, 2000లో వచ్చిన 3వ ఎడిషన్. మొరాల్ రూలు అందులో లేదు. దానితోపాటు ఛాలెంజ్ రేటింగ్ వచ్చింది. ఈ రాక్షసుడు ఏ లెవెల్ పార్టీకి సరిపోతాడో చెప్పే అంకె అది. డీఎంకి మంచి పనిముట్టే, కాదనను. నేనూ వాడతాను. కానీ ఆటగాళ్ళకి అది ఇంకోలా అర్థమైంది. ఎదురుగా పెట్టారంటే తూకం వేసే పెట్టారు, మన చేతిలో అయ్యేదే పెట్టారు అని. మా క్వారీలో నేను చూపించిన ఎముకలూ గదా వాళ్ళకి హెచ్చరికలుగా కనిపించలేదు, సినిమా మొదట్లో విలన్ ఎంట్రీలాగా కనిపించాయి. 5వ ఎడిషన్‌లో మొరాల్ మళ్ళీ వచ్చింది గానీ, డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో ఐచ్ఛికమైన రూలుగా ఓ మూల ఉంది. విజ్‌డమ్ సేవ్, అంటే పాచికకి వివేకం అంకె కలిపితే 10కి తగ్గకూడదు. మీలో ఎంతమంది వాడారు? చేతులెత్తండి. ఇద్దరు. అదీ సంగతి.

ఇది ఆటగాళ్ళ స్వభావం కాదనడానికి నా దగ్గర ఇంకో సాక్ష్యం ఉంది. అదే నలుగురితో కొన్నాళ్ళకి కాల్ ఆఫ్ క్తూలూ ఆడాను. 1981లో కేయాసియం వాళ్ళు తెచ్చిన ఆట, భయానకం. మొదటి సెషన్‌లో సెల్లార్‌లో ఏదో చప్పుడైంది. నేనింకా వర్ణన పూర్తి చేయలేదు, నలుగురూ కారెక్కేశారు! ఓగర్ల ముందు ప్రాణాలిచ్చిన వీరులు వీళ్ళే. ఆ ఆటలో తుపాకీ ఉన్నా లాభం లేదని, బతికి బయటపడటమే గెలుపని వాళ్ళకి ముందే తెలుసు. ఆట ఏది గౌరవమంటే మనుషులు అది చేస్తారు.

మరి మన ఆటలో గీత గీయడం ఎలా? రెండు ఆటల దగ్గర దొంగిలించాను. రాబ్ హీన్‌సూ, జొనాథన్ ట్వీట్ రాసిన థర్టీంత్ ఏజ్ 2013లో వచ్చింది. ట్వీట్ 3వ ఎడిషన్ రాసినవాళ్ళలో ఒకడు, ఆ సంగతి గమనించండి. వాళ్ళ రూలు చాలా చిన్నది. ఫైటింగ్‌లో ఏ ఆటగాడి వంతులోనైనా ఎవరైనా ఒక ఆటగాడు "పారిపోదాం" అని ప్రతిపాదించవచ్చు. అందరూ ఒప్పుకుంటే పారిపోయినట్టే. పాచికలు లేవు, ఆపర్చునిటీ అటాకులు లేవు, అడుగుల లెక్క లేదు. పడిపోయినవాళ్ళని కూడా మోసుకుని బయటపడతారు. బదులుగా కథలో ఒక గట్టి నష్టం ఒప్పుకోవాలి. కాపాడాల్సిన ఊరు తగలబడవచ్చు, పట్టుకోవాల్సినవాడు చేయి దాటిపోవచ్చు. ఇందాక చెప్పిన చిక్కులు మూడూ ఒక్క దెబ్బతో పోయాయి చూడండి. వేగం గొడవ, ఒకేసారి కదలలేకపోవడం, పడిపోయినవాణ్ణి వదలలేకపోవడం.

రెండోది ఫేట్ అనే ఆట. అందులో ఓటమి ఒప్పుకోవడం ఒక హక్కు. పాచికలు వేయకముందే "నేను ఒప్పుకుంటున్నాను" అనాలి, పాచికలు పడ్డాక అంటే కుదరదు. ముందే అన్నవాడికి ఎలా ఓడిపోతాడో చెప్పే అవకాశం దొరుకుతుంది. పైగా ఒక ఫేట్ పాయింట్, అంటే తర్వాత ఆటలో ఖర్చు పెట్టుకునే పాయింట్, ఆ గొడవలో తిన్న ఒక్కో గాయానికి ఇంకొకటి. అనకుండా చివరిదాకా పోరాడి పడిపోతే, వాడి గతేంటో అవతలివాడు చెబుతాడు. ఓడిపోయినందుకు డబ్బులిస్తున్నారని మొదట్లో మా వాళ్ళు నవ్వారు. రెండు వారాల్లో ఎప్పుడు ఓడిపోతే బాగుంటుందా అని వెతుక్కోవడం మొదలుపెట్టారు.

ఇప్పుడు మా టేబుల్ దగ్గర ఇవి కలిపి ఇలా ఆడుతున్నాం. చిన్నప్పుడు ఆటల్లో బొటనవేలు చూపించి "టైం ప్లీజ్" అనేవాళ్ళం, గుర్తుందా? అదే మాట. ఎవరైనా సరే, ఎవరి వంతైనా సరే, టైం ప్లీజ్ అంటే మ్యాపు మీద బొమ్మలు ఆగిపోతాయి. ఇనీషియేటివ్ పక్కన పెడతాను. నేను అప్పటికప్పుడు ధర చెబుతాను, దాచకుండా. "బయటపడతారు. కానీ గాడిద, దాని మీదున్న సామాను ఇక్కడే ఉండిపోతాయి, గుహలో ఖైదీలని వాళ్ళు రాత్రికే వేరేచోటికి తరలిస్తారు." వాళ్ళు బేరమాడతారు. మనవాళ్ళకి బేరమాడటం ఎవరూ నేర్పక్కర్లేదు. గాడిద వద్దు, నా డాలు పడేస్తాను అంటాడు పాలడిన్, అంటే ధర్మయోధుడి పాత్ర. ఒప్పుకుంటాను. లేదా మూడు రోజుల తిండి విసిరేస్తాం అంటారు. అప్పుడు 1974 నాటి పట్టిక తీస్తాను.

ధర తప్పకుండా ఉండాలి. ఊరికే వదిలేస్తే ఫైటింగ్‌కి విలువ లేదు. కానీ ధర తెలియకపోతే ఎవరూ కొనరు. షాపులో ధర రాయని వస్తువుని మీరు ముట్టుకుంటారా?

ఇంకోటి, ముందు మీ శత్రువులు పారిపోవాలి. ఇది అన్నిటికన్నా తేలిక, ఇవాళ రాత్రి సెషన్‌లోనే చేయొచ్చు. నాయకుడు పడగానే గాబ్లిన్లు కత్తులు పారేసి పరిగెత్తాలి. పరిగెత్తిన గాబ్లిన్ రెండు సెషన్ల తర్వాత ఇంకో పదిమందిని వెంటేసుకుని రావాలి. మా వాళ్ళు చేతికి చిక్కకుండా పోయిన ఒకదానికి కుంటోడని పేరు పెట్టారు. వాడిని తిట్టుకుంటూనే వాడి తెలివిని మెచ్చుకునేవాళ్ళు. పారిపోయినవాడు తిరిగొస్తాడని కళ్ళతో చూశాకే, తామూ తిరిగి రావచ్చని వాళ్ళకి తట్టింది. బతికుంటే బలుసాకు తినొచ్చని సామెత చెప్పి ఒప్పించలేకపోయాను, కుంటోడు ఒప్పించాడు.

కాళయవనుడి కథ తెలుసు కదా. అతను తరుముతుంటే కృష్ణుడు ఆయుధం లేకుండా పరిగెత్తి గుహలో దూరాడు. అక్కడ నిద్రపోతున్న ముచుకుందుణ్ణి కృష్ణుడే అనుకుని కాళయవనుడు కాలితో తన్నాడు, ఆయన కళ్ళు తెరిచి చూసేసరికి బూడిదయ్యాడు. యుద్ధం వదిలి పరిగెత్తినందుకు రణఛోడ్ అని పేరొచ్చింది. గుజరాత్‌లో డాకోర్ వెళితే ఆ పేరుతోనే గుడి ఉంది, పూజలున్నాయి. డీఎంగా నేను ఇందులో చూసేది ఆ గుహని. పరిగెత్తడానికి ఒక చోటుంది, ఆ చోట్లో ఇంకేదో ఉంది. మన మ్యాపుల్లో గదికి ఒకే తలుపు, వెనకాల ఖాళీ కాగితం. ఆటగాడు ఎక్కడికి పరిగెత్తాలి, టేబుల్ అంచుకా? ఇప్పుడు నేను ఫైటింగ్ మ్యాపు గీస్తే ముందు గీసేది బయటికి పోయే దారి. సన్నటి సందు, దాంట్లో ఓగర్ పట్టదు. తాళ్ళ వంతెన, దాన్ని కోసేయొచ్చు. ఏరు.

ప్రశ్నలుంటే అడగండి. ఆ చివర, చెప్పండి.

(ప్రశ్న: ఇలా అయితే ప్రతి ఫైటింగ్‌లోనూ టైం ప్లీజ్ అనరా?)

నేనూ అదే భయపడ్డాను. అనలేదండీ. ధర గట్టిగా ఉంటే అనరు. ఏడాదిన్నరలో మా టేబుల్ దగ్గర ఐదుసార్లు అన్నారు. అందులో ఒకసారి ధర విని "వద్దులే, కొడదాం" అని వెనక్కి తీసుకున్నారు. ఆ రాత్రి ఫైటింగ్ మేం ఆడినవాటిలోకెల్లా బాగా వచ్చింది, ఎందుకంటే తలుపు తెరిచి ఉండగా వాళ్ళు లోపలే ఉండిపోయారు.

(ప్రశ్న: ఒకడు ఒప్పుకోకపోతే?)

ఒప్పుకోనివాడు ఉండిపోవచ్చు, వాడిష్టం. కానీ నేను మిగతావాళ్ళని ఆపను. వాడొక్కడికీ ఆఖరి సీను ఇస్తాను, బాగా ఇస్తాను. మా దగ్గర ఒక ముసలి డ్వార్ఫ్, అంటే మరుగుజ్జు పాత్ర, అలాగే వంతెన మీద ఆగిపోయాడు. ఆ ఆటగాడు తర్వాత చెప్పాడు, వాడి ఇన్నేళ్ళ ఆటలో అంత హాయిగా చచ్చింది అదేనట.

(ప్రశ్న: క్వారీలో ఓగర్లు ఏమయ్యాయి?)

ఉన్నాయి. కొత్త క్యారెక్టర్లతో పోయిన నెల మళ్ళీ అక్కడికే వెళ్ళారు. ఎముకలు చూశారు, గద చూశారు. ఈసారి విజార్డ్ ఇనీషియేటివ్ వేయలేదు. "ముందు వెనక్కి పోయే దారి ఎటుందో చెప్పు" అన్నాడు. చెప్పాను. క్వారీ గోడకి సన్నటి పగులు ఉంది, మనిషి పక్కకి తిరిగితే పడతాడు. అప్పుడు లోపలికి వెళ్ళి ఒక ఓగర్‌ని మూడు రౌండ్లు కొట్టి, రెండోది రాగానే బొటనవేలు చూపించారు. ధర పాలడిన్ డాలు. ఇప్పుడు ఆ డాలులో ఓగర్లు అన్నం తింటున్నాయి. వచ్చే శనివారం వీళ్ళు దానికోసం వెళుతున్నారు. ఆరుగురు కూలీలు, రెండు పీపాల నూనె, ఒక మేక. మేక ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.